జంక్షన్లో ముందు ఎవరు పోవాలి? ఎల్ బోర్డు బండివాళ్లకి సైడ్ ఇచ్చే లెక్క

డ్రైవింగ్ స్కూల్లో మొదటి వారమంతా క్లచ్ వదలడం నేర్చుకోవడంతోనే సరిపోతుంది. రెండో వారం గేర్లూ, స్టీరింగూ. మూడో వారానికి బండి కాస్త మాట వింటుంది. సరిగ్గా అప్పుడే నాలుగు రోడ్ల జంక్షన్ ఎదురవుతుంది. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ "పోనీ పోనీ" అనో "ఆపు ఆపు" అనో అరుస్తాడు. ఎందుకు పోవాలో, ఎందుకు ఆపాలో చెప్పే తీరిక ఆ రెండు సెకన్లలో ఆయనకి ఉండదు. ఆ సంగతే ఇక్కడ వివరంగా చూద్దాం.

ముందుగా ఒక మాట. మనం "నాదే రైటు" అంటుంటాం గానీ, రోడ్డు నిబంధనలు ఎవరికీ దూసుకుపోయే హక్కు రాసివ్వలేదు. ఎవరు ఆగి దారి ఇవ్వాలో మాత్రమే చెబుతాయి. మన దేశంలో ఇవి 1989 నాటి రోడ్డు నిబంధనల స్థానంలో 2017 జూన్‌లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్నాయి. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో అడిగే ప్రశ్నల్లో కొన్ని వీటి మీదే. కాబట్టి జంక్షన్‌కి వచ్చిన ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న "ఇక్కడ నేను ఎవరికి దారి ఇవ్వాలి?" అన్నదే. ఎవరికీ ఇవ్వనక్కర్లేదని తేలితే అప్పుడు కదలాలి.

ఎవరి మాట చెల్లుతుంది

ఒకే జంక్షన్లో సిగ్నల్ ఉండొచ్చు, బోర్డు ఉండొచ్చు, కానిస్టేబులూ ఉండొచ్చు. కానిస్టేబుల్ చెయ్యి చూపిస్తే సిగ్నల్ లైటుని పట్టించుకోనక్కర్లేదు. ఆయన లేకపోతే లైటు చెప్పినట్టు. లైటు లేకపోతే బోర్డూ, రోడ్డు మీది గీతలూ. అవీ లేకపోతేనే మిగతా నియమాలు.

బోర్డుల్లో రెండింటిని ఆకారంతోనే గుర్తుపట్టాలి. ఎనిమిది పలకల ఎర్ర బోర్డు "స్టాప్". అవతల ఒక్క బండి లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. తలకిందులుగా ఉన్న త్రికోణం, తెల్లగా, ఎర్ర అంచుతో ఉంటే "దారి ఇవ్వు" అని. ఖాళీగా ఉంటే ఆగకుండా నెమ్మదిగా పోవచ్చు, ఎవరైనా వస్తుంటే ఆగాలి. ఈ రెండింటికీ ఆకారాలు వేరుగా పెట్టడానికి కారణం ఉంది: మీద దుమ్ము పట్టినా, పోస్టరు అంటించినా, వెనక నుంచి చూసినా బోర్డేమిటో తెలుస్తుంది. రోడ్డు మీద అడ్డంగా తెగని గీత ఉంటే అది ఆగే గీత. అడ్డంగా ముక్కలు ముక్కలుగా రెండు వరుసలుంటే అది దారి ఇచ్చే గీత.

రాత్రిపూట కొన్ని సిగ్నళ్లు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. పసుపు మిణుకుతుంటే నెమ్మదించి చూసుకుని పోవాలి. ఎరుపు మిణుకుతుంటే అది స్టాప్ బోర్డుతో సమానం: ఆగి, చూసి, అప్పుడు పోవాలి. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుని ఊదేసుకుంటూ పోతారు.

సిగ్నల్ లేని జంక్షన్

ఇక్కడ రెండే నియమాలు. మీరు మెయిన్ రోడ్డులోకి వస్తుంటే, మెయిన్ రోడ్డు మీద వెళ్లేవాళ్లకి దారి ఇవ్వాలి. రెండూ ఒకే రకం రోడ్లయితే, మీ కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి దారి ఇవ్వాలి.

ఏది మెయిన్ రోడ్డో ఎలా తెలుస్తుంది? త్రికోణం బోర్డు గానీ స్టాప్ బోర్డు గానీ మీవైపు ఉంటే మీది పక్క రోడ్డు. మధ్యలో గీత, డివైడర్, హైవే నంబరు రాళ్లు అవతలి రోడ్డుకి ఉంటే అదే మెయిన్. ఇంకో ఆనవాలు స్పీడ్ బ్రేకర్. ఊళ్లోంచి హైవే ఎక్కేచోట పక్క రోడ్డు మూతి దగ్గరే సాధారణంగా అది ఉంటుంది. కాలనీ వీధుల్లో ఏ తేడా కనపడకపోతే కుడి నియమం పట్టుకోవాలి.

కుడే ఎందుకు? మనం ఎడమవైపున నడిపేవాళ్లం. జంక్షన్లోకి ముక్కు పెట్టగానే కుడినుంచి వచ్చే బండి మనకి దగ్గరి సగంలో ఉంటుంది. ఎడమనుంచి వచ్చేది అవతలి సగంలో. ముందుగా తగిలేది కుడినుంచి వచ్చేదే.

ఇప్పుడు చేసే పద్ధతి, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్నామనుకుని:

1. జంక్షన్‌కి ఓ 50 మీటర్ల ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. మధ్య అద్దంలో వెనక ఎవరున్నారో చూడండి. తిరగాలంటే ఇండికేటర్ ఇక్కడే వెయ్యాలి, స్టీరింగ్ తిప్పేటప్పుడు కాదు.
2. 20 మీటర్లకి వచ్చేసరికి సెకండ్ గేర్, కాలు బ్రేక్ మీద. వేగం 15 దాటకూడదు. ఇంతకంటే వేగంగా వస్తే, చూసినది మెదడుకి ఎక్కేలోపే గీత దాటేస్తారు.
3. కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి చూడండి. మూడోసారి చూడటం ఎందుకంటే, ఎడమకి చూసిన ఆ ఒక్క సెకనులో 50 వేగంతో వచ్చే బైకు దాదాపు 14 మీటర్లు ముందుకి వచ్చేసి ఉంటుంది.
4. తల కదపండి. ముందు అద్దానికి కుడిపక్క ఉండే స్తంభం మందంగా ఉంటుంది, పైగా డ్రైవర్ ముఖానికి దగ్గరగా ఉంటుంది. దాని వెనక ఒక బైకు మొత్తంగా దాక్కోగలదు. అది కుడినుంచి వస్తున్న బైకు, అంటే మీరు దారి ఇవ్వాల్సిన బైకే. మీరూ అతనూ ఒకే తీరు వేగంతో జంక్షన్ వైపు వస్తుంటే చివరిదాకా అది స్తంభం చాటునే ఉండిపోవచ్చు. అందుకే నడుము వంచి ఓ జానెడు ముందుకి, మళ్లీ వెనక్కి. ఈ చిన్న పని చేయకపోవడం వల్లే "అసలు కనపడలేదండీ" అన్న మాట వస్తుంది.
5. మూల మీద కిళ్లీకొట్టో, ఆపిన ఆటోనో అడ్డం ఉంటే గీత దగ్గర ఒకసారి ఆగి, హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, అడుగు అడుగుగా ముందుకి పాకాలి. బంపర్ మాత్రమే బయటికి వచ్చి, మీకు రోడ్డు కనపడేదాకా. కారు ముక్కు మీ కళ్లకంటే దాదాపు రెండు మీటర్ల ముందుంటుందని గుర్తుంచుకోండి.
6. సందు చాలినంత ఉంటే ఫస్ట్ గేర్‌లో ఆగకుండా దాటండి. లోపలికి వెళ్లాక అనుమానం వచ్చి మధ్యలో ఆపడం అన్నిటికంటే ప్రమాదం.

నాలుగువైపుల నుంచీ నలుగురు ఒకేసారి వస్తే కుడి నియమం ప్రకారం నలుగురూ ఆగి చూస్తూ ఉండాలి. అప్పుడు ఎవరో ఒకరు చెయ్యి చూపించి ఇంకొకర్ని పంపుతారు. ఆ ఒక్కరు మీరైతే నష్టమేమీ లేదు.

సందు ఎంత ఉంటే చాలు

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఏడు మీటర్ల రెండు వరుసల రోడ్డు దాటాలంటే కారు పొడవు కూడా కలుపుకుని దాదాపు 12, 13 మీటర్లు కదలాలి. ఆగి ఉన్న బండి మామూలుగా అందుకుంటే దానికి నాలుగు సెకన్లు పైన పడుతుంది. క్లచ్ మీద నమ్మకం లేనివాళ్లు ఇంకో సెకను, ఆలోచనకి ఇంకో సెకను. మొత్తం ఆరు.

ఆరు సెకన్లలో అవతలి బండి ఎంత దూరం వస్తుంది? 40 వేగంతో 67 మీటర్లు. 60తో సరిగ్గా 100 మీటర్లు. 80తో 133 మీటర్లు. హైవే మీద కారు వంద మీటర్ల దూరంలో కనపడితే "ఇంకా చాలా దూరం ఉంది" అనిపిస్తుంది. 80తో వస్తుంటే అది మీ తలుపు దగ్గరికి చేరడానికి నాలుగున్నర సెకన్లే.

వేగాన్ని కంటితో కొలవడం మొదట్లో ఎవరికీ రాదు. లెక్కపెట్టడం వస్తుంది. ఒక చెట్టునో, కిలోమీటరు రాయినో గుర్తు పెట్టుకుని, బండి దాన్ని దాటగానే "వెయ్యీ ఒకటి, వెయ్యీ రెండు" అని మనసులో అనుకోండి. మీ ముందుకి వచ్చేలోపు ఆరు వచ్చిందంటే, ఆ చెట్టుకి అవతల ఉన్న బండి ముందు దాటొచ్చు. వేగం పెంచుకుని వచ్చే వాటికి ఈ లెక్క పనిచేయదు. బైకులకి కూడా జాగ్రత్త: సన్నగా ఉండటం వల్ల ఉన్నదానికంటే దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు కనపడతాయి.

డివైడర్ ఉన్న హైవేని ఊరి రోడ్డులోంచి దాటి కుడికి తిరగాలంటే ఇంకో చిక్కు. సగం దాటి డివైడర్ సందులో ఆగుదాం అనుకుంటారు. మామూలు కారు పొడవు నాలుగు మీటర్లు. డివైడర్ వెడల్పు రెండు మీటర్లే అయితే మీ బండి ముక్కో తోకో రోడ్డు మీద మిగిలిపోతుంది. అక్కడ కారు మొత్తం పట్టదనిపిస్తే, రెండువైపులా ఒకేసారి ఖాళీ దొరికేదాకా ఇవతలే ఆగాలి. లేదంటే ఎడమకి తిరిగి, ముందున్న యూ టర్న్ దాకా పోయి రావాలి. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగినా సరే, నేర్చుకునేవాళ్లకి అదే మేలు.

కుడికి తిరగడం

ఎదురుగా నేరుగా వచ్చేవాళ్లు వెళ్లాకే కుడికి తిరిగేవాళ్లు పోవాలి. పచ్చ లైటు ఇద్దరికీ ఒకేసారి పడినా అంతే. కుడి బాణం పచ్చగా పడ్డప్పుడు మాత్రం ఎదుటివాళ్లకి ఎరుపు ఉంటుంది గనక మీరు పోవచ్చు.

రోడ్డు మధ్యకి దగ్గరగా వచ్చి, జంక్షన్ నడుమ ఆగినప్పుడు చక్రాలు నేరుగానే ఉంచండి. ముందే కుడికి తిప్పి ఉంచితే, వెనకనుంచి ఎవరైనా గుద్దితే మీ కారు తిన్నగా ఎదురొచ్చే లారీ కిందికి వెళ్తుంది. చక్రాలు నేరుగా ఉంటే ముందుకి జరిగి ఆగుతుంది.

ఇక దగ్గరగా చూడాల్సిన చోటు. ఎదురుగా ఆర్టీసీ బస్సు కూడా దాని కుడికి తిరగడానికి ఆగి ఉంది. దాని డ్రైవర్ మీకు చెయ్యి ఊపి "పో" అన్నాడు. ఆయన ఇచ్చిన దారి ఆయన బస్సుది మాత్రమే. బస్సుకి అవతలి పక్క నుంచి నేరుగా వచ్చే బైకు ఆయనకీ సరిగా తెలియదు, మీకు అసలే కనపడదు. బస్సు ముక్కు దాటేదాకా నడిచే వేగంతో పాకి, అక్కడ ఇంకోసారి ఆగి చూసి తిరగాలి. "ఆయనే పొమ్మన్నాడు" అన్నది తర్వాత ఎక్కడా చెల్లదు.

జంక్షన్ అవతల ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే పచ్చ లైటు ఉన్నా లోపలికి పోకూడదు. పసుపు గీతలు అల్లిక వేసినట్టున్న గడిలో అసలే ఆగకూడదు.

ఎడమకి తిరగడం, ఫ్రీ లెఫ్ట్

ఎడమ మలుపు తేలికనుకుంటారు గానీ, మన ఊళ్లలో ఎడమపక్క సందులోంచి బైకు దూరుతుంది. తిరిగే ముందు ఎడమ అద్దం, ఆపైన భుజం మీంచి ఒక చూపు. తిరిగిన రోడ్డుని దాటుతున్న నడిచేవాళ్లకీ, సైకిలు వాళ్లకీ మీరే ఆగాలి.

ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు గానీ, ఎడమ బాణం పచ్చగా గానీ ఉంటేనే ఎర్ర లైటులో ఎడమకి పోవచ్చు. లేనిచోట అది మీకూ ఎరుపే. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట కూడా కుడినుంచి పచ్చ లైటులో వచ్చేవాళ్లకి దారి ఇచ్చాకే కలవాలి.

యూ టర్న్ తీసుకునేవాళ్లు అందరికీ దారి ఇవ్వాల్సినవాళ్లే. ఎదురు వచ్చేవాళ్లు బ్రేక్ వెయ్యాల్సి వచ్చిందంటే ఆ యూ టర్న్ తప్పు.

సర్కిల్, విగ్రహం

సర్కిల్లోకి వచ్చేవాళ్లు, లోపల అప్పటికే తిరుగుతున్నవాళ్లకి దారి ఇవ్వాలి. వాళ్లూ మీ కుడివైపు నుంచే వస్తారు గనక వేరే నియమం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లోపలికి వెళ్లాక కొత్తగా వచ్చేవాడి కోసం మధ్యలో ఆగొద్దు. అలా ఒకరు ఆగితే వెనక నాలుగు రోడ్లూ బిగుసుకుంటాయి.

మన ఊళ్లలో కూడలి మధ్య విగ్రహం ఉంటే అదీ సర్కిలే అనుకోవాలి. విగ్రహం ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండాలి. కుడికి పోయే తొందరలో విగ్రహానికి ఇవతల నుంచే కోసుకుపోవడం రాంగ్ రూట్ కిందికే వస్తుంది. ఇండికేటర్ ఎలాగంటే: మొదటి రోడ్డుకి పోవాలంటే వచ్చేటప్పుడే ఎడమది. నేరుగా పోవాలంటే లోపలికి వచ్చేటప్పుడు ఏదీ వద్దు, మొదటి రోడ్డు దాటగానే ఎడమది. కుడికి పోవాలంటే కుడిది వేసుకుని వచ్చి, మీ రోడ్డుకి ముందున్నది దాటగానే ఎడమకి మార్చాలి.

నడిచేవాళ్లు, బస్సులు, అంబులెన్సు

సిగ్నల్ లేని జీబ్రా క్రాసింగ్ మీద కాలు పెట్టిన మనిషికి బండ్లన్నీ ఆగాలి. ఆగిన బండి పక్కనుంచి దాటిపోవడం మహా తప్పు. ఆ బండి ఎందుకు ఆగిందో మీకు కనపడదు. స్టాపులో ఆగిన బస్సు ముందునుంచి మనిషి రోడ్డు మీదికి వస్తాడనే అనుకుని, బస్సుకి ఒక మీటరు పైనే దూరం ఉంచి నెమ్మదిగా దాటండి.

సైరన్ వినపడితే ముందు అద్దంలో ఎక్కడుందో చూడాలి. ఇండికేటర్ వేసి ఎడమకి జరిగి, వేగం తగ్గించాలి. అవసరమైతే ఆపాలి. గట్టిగా బ్రేకేసి ఉన్నచోటే ఆగిపోతే దానికి దారి మూసినట్టే. అంబులెన్సుకో ఫైరింజనుకో దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, దాని 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది వెళ్లాక దాని తోక పట్టుకుని పరిగెత్తకండి. వెనకే ఇంకొకటి రావచ్చు.

ఘాట్ రోడ్డు, చేను గట్టు రోడ్డు

రెండు బండ్లు పట్టని కొండదారిలో కిందికి దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం. బరువుతో ఉంటే వెనక్కి జారతాడు. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం దారుల్లో మలుపు దగ్గర బస్సు రోడ్డంతా తీసుకుంటుంది. ముందుగా హారన్ కొట్టి, మలుపుకి ఇవతలే ఆగితే సరి. మలుపు నడుమ ఎదురుపడితే ఎవరో ఒకరు రివర్స్ తీయాలి. తిరుమలలో ఎక్కే దారి, దిగే దారి వేరువేరు గనక అక్కడ ఈ గొడవ లేదు.

పల్లె రోడ్లు చాలావరకు మూడుమ్ముప్పావు మీటర్ల తారే. ఎదురుగా వడ్ల బస్తాల ట్రాక్టర్ వస్తుంటే, ఎవరికి దగ్గర్లో వెడల్పు ఉంటే వాళ్లు ఆగడం ఆనవాయితీ. చట్టం చెప్పకపోయినా బరువున్నవాణ్ణి తారు మీదే ఉండనిచ్చి, ఖాళీ కారు పక్కకి దిగడం న్యాయం. తారు అంచు మట్టికంటే ఎత్తుగా ఉంటే ఎడమ చక్రాలు దించే ముందు వేగం 10కి తగ్గించాలి. మళ్లీ ఎక్కేటప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి కోస్తే, చక్రం అంచు ఎక్కగానే కారు ఎదుటివాడి మీదికి ఉరుకుతుంది.

డిప్పర్ భాష

మన రోడ్ల మీద డిప్పర్ కొట్టడం, అంటే హెడ్‌లైటు ఒకసారి మెరిపించడం, ఎక్కువసార్లు "నేను వస్తున్నా, నువ్వాగు" అని. అమెరికాలో, బ్రిటన్‌లో నడిపి వచ్చినవాళ్లకి అదే సైగ "మీరు పొండి" అన్నట్టు అలవాటై ఉంటుంది. సెలవులకి ఊరొచ్చి అద్దె కారు తీసుకున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలోని నాలుగువైపుల స్టాప్ బోర్డుల దగ్గర ముందు వచ్చినవాడు ముందు పోయే పద్ధతీ ఇక్కడ ఆశించొద్దు. డిప్పర్, హారన్ దేనివల్లా ఎవరికీ దారి హక్కు రాదు. డిప్పర్ కొట్టినవాడు ఆగడని అనుకుని, అతను నిజంగా ఆగేదాకా కదలకపోవడం మంచిది.

ఎల్ బోర్డుతో

తెల్లటి మీద ఎర్ర ఎల్ ముందూ వెనకా ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు. పక్కన లైసెన్సు ఉన్న మనిషి, బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. ఎల్ బోర్డు ఉంది కదా అని ఎవరూ దారి ఇవ్వాల్సిన పని లేదు, మీకు మినహాయింపూ లేదు. డ్రైవింగ్ నిబంధనలు తప్పితే అదే చట్టం 177ఎ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయలు. ఎర్ర లైటు దాటినా, స్టాప్ బోర్డు లెక్కచేయకపోయినా అది ప్రమాదకర డ్రైవింగ్ కిందికి పోతుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు.

వెనకనుంచి హారన్ మోగితే కంగారుపడి సందు చాలకుండానే దూకేస్తారు. హారన్ కొట్టేవాడికి మీ కుడినుంచి వచ్చే బైకు కనపడదు. అద్దంలో అతన్ని చూడటం మానేసి కుడికి చూడండి.

జంక్షన్ నడుమ బండి ఆగిపోతే: క్లచ్ పూర్తిగా తొక్కి, బ్రేక్ మీద కాలుంచి, హజార్డ్ లైట్లు వేసి, గేరు న్యూట్రల్‌కి తెచ్చి స్టార్ట్ చేయాలి. ఫస్ట్ వేసి, కదిలే ముందు మళ్లీ రెండువైపులా చూడాలి. మొదట చూసిన చూపు అప్పటికి పాతబడింది. సాధారణంగా ఆగిపోయేది సెకండ్ గేర్‌లో ఉన్న సంగతి మరచిపోయి కదపబోయినప్పుడు. అందుకని పూర్తిగా ఆగిన ప్రతిసారీ గేరు మీద చెయ్యి వేసి ఫస్ట్ అని చూసుకోవడం అలవాటు చేసుకోండి.

కారు తీసే ముందు, ఓ ఆదివారం పొద్దున ఆరున్నరకి మీ పేట జంక్షన్ దగ్గరికి నడుచుకుంటూ పోయి, పావుగంట అరుగు మీద నిలబడి చూడండి. వచ్చిన ప్రతి బండికీ ఎవరు దారి ఇవ్వాలో పైకే చెప్పండి. చెట్టు దగ్గర్నుంచి మీ ముందుకి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. మరుసటి ఆదివారం అదే జంక్షన్‌కి కారుతో వెళ్లండి.